110 సీసీ స్కూటర్‌కి స్పీడ్ ఎంత పెరుగుతుంది? 61 వేల కిలోమీటర్ల తర్వాత నా లెక్క

నాది 2016లో కొన్న యాక్టివా 3జీ. 109 సీసీ ఇంజన్, కార్బ్యురేటర్, 8 బీహెచ్‌పీ పవర్. స్పీడ్ పెంచాలన్న దురదతో ఇన్నేళ్లలో దీని మీద ఏడు వేల పైనే పోశాను. అందులో నిజంగా స్పీడ్ తెచ్చింది 1,400 రూపాయల పని ఒక్కటే. అది కూడా అప్‌గ్రేడ్ కాదు. అరిగిపోయినవి తీసేసి కంపెనీ సామానే కొత్తది వేయించడం. ఇక్కడితో చదవడం ఆపేసినా మీకు పోయేదేమీ లేదు. కానీ "ఈ రోలర్లు వేస్తే మీ స్కూటర్ 110 కొడుతుంది" అన్న వీడియో చూసి ఇప్పుడే డబ్బులు పంపబోతుంటే మాత్రం మిగతాది కూడా చదవండి.

మాది విశాఖపట్నం. ఇల్లు మధురవాడ, ఆఫీసు మద్దిలపాలెం. పోను రాను రోజుకి 24 కిలోమీటర్ల దాకా అవుతుంది, దాదాపు అంతా హైవేనే. మధ్యలో ఎండాడ ఎత్తు, జూ పార్క్ దాటాక హనుమంతవాక దగ్గర వాహనాల సంత. స్కూటర్ ఇంజన్ ఆరోగ్యం ఎలా ఉందో తెలియాలంటే విశాఖలో మెకానిక్ అక్కర్లేదు, వెనక ఒక మనిషిని ఎక్కించుకుని సింహాచలం ఘాట్ ఎక్కితే చాలు. కొత్తలో మేమిద్దరం హాయిగా ఎక్కిన కొండని 2020 నాటికి బండి ఈడ్చుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. ఒక మలుపులో మా ఆవిడ "నేను దిగి నడిచి వస్తాలే" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. అప్పటికి 27 వేలు తిరిగింది.

కొలతల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే స్పీడ్ గురించి మాట్లాడేవాళ్లలో నూటికి తొంభై మంది మీటరు ముల్లు చూసి మాట్లాడతారు. స్పీడోమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపినా పర్వాలేదు, తక్కువ మాత్రం చూపకూడదన్నది నియమం. అందుకని ఏ కంపెనీ అయినా కాస్త ఎక్కువే చూపేలా పెడుతుంది. నా బండిలో ముల్లు 85 దగ్గర ఉంటే ఫోన్ జీపీఎస్‌లో 77. కాబట్టి ఇక్కడ చెప్పే అంకెలన్నీ జీపీఎస్‌వే. ఆదివారం తెల్లవారుజామున ఆనందపురం దాటాక తగరపువలస వైపు ఖాళీగా ఉండే చదును రోడ్డు మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు తోలి సగటు తీసుకున్నాను. ఒకవైపే తోలితే గాలి మోసం చేస్తుంది. సముద్రం పక్క ఊళ్లో గాలి విలువ ఎంతో చెప్పక్కర్లేదు, వెనక నుంచి తోస్తే ఏ బండైనా రేసు బండే.

అలా మొదటిసారి కొలిచిన రోజు నా బండి టాప్ స్పీడ్ 68. సున్నా నుంచి 60కి దాదాపు 14 సెకన్లు. నేనేమో అప్పటికే ఆన్‌లైన్‌లో తేలికపాటి రోలర్లు (బెల్ట్ నడిచే పుల్లీలో ఉండే చిన్న గుండ్లు), పొగని అడ్డు లేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఖరీదైన ఇరిడియం స్పార్క్ ప్లగ్ కార్టులో పెట్టుకుని ఉన్నాను. మా వీధి చివర మెకానిక్‌కి లిస్టు చూపిస్తే ఆయన ఫోన్ వైపు సరిగా చూడను కూడా లేదు. "ముందు ఉన్నదాన్ని బాగు చేయించుకోండి సార్, కొత్తయి తర్వాత సూద్దాం" అన్నాడు.

కవర్ ఊడదీశాడు. ఆరు రోలర్లలో నాలుగు గుండ్రంగా లేవు, ఒక పక్క చెక్కేసినట్టు పలకలు దేరాయి. బెల్ట్ తీసి కొత్తదాని పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాడు. వెడల్పులో ఒకటిన్నర మిల్లీమీటరు తేడా ఉంది. "ఇంత చిన్న తేడాకి ఏమవుతుంది?" అన్నాను. ఏమవుతుందో ఆయన చేత్తో పుల్లీ తిప్పి చూపించాడు.

గేర్లు లేని స్కూటర్‌లో గేర్ల పని చేసేది ఈ బెల్టే. ముందు పుల్లీలో రోలర్లు ఉంటాయి. ఇంజన్ వేగంగా తిరిగేకొద్దీ అవి బయటికి విసిరినట్టు జరుగుతూ పుల్లీ రెండు చెక్కలని దగ్గరికి నొక్కుతాయి. నొక్కేకొద్దీ బెల్ట్ ముందు పుల్లీ అంచుకి ఎక్కుతుంది, వెనక పుల్లీలో లోపలికి దిగుతుంది. అదే టాప్ గేర్ అనుకోండి. బెల్ట్ అరిగి సన్నబడితే అంచు దాకా ఎక్కలేదు. రోలర్ పలక దేరితే మధ్యలోనే తట్టుకుని ఆగిపోతుంది. అంటే నేను నెలల తరబడి, నాకే తెలియకుండా, టాప్ గేర్ పడని బండి తోలుతున్నాను. ఇలాంటి అరుగుదల ఒక్కరోజులో రాదు కదా, రోజుకింత తగ్గుతూ వస్తే మన ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది.

బెల్ట్, రోలర్లు, పుల్లీలో జారే ప్లాస్టిక్ స్లైడర్లు, ఎయిర్ ఫిల్టర్, మామూలు ప్లగ్. లేబర్‌తో కలిపి 1,400. మరుసటి ఆదివారం అదే రోడ్డు మీద టాప్ స్పీడ్ 77, సున్నా నుంచి 60కి 11 సెకన్లలోపు. తొమ్మిది కిలోమీటర్లు పెరిగింది. ఆ తర్వాత నేను చేసిన ఏ ప్రయోగమూ ఇందులో సగం కూడా ఇవ్వలేదు. టైర్లలో గాలి కూడా అప్పుడే సరిచూసుకున్నాను. ముందు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. అంతకుముందు పెట్రోల్ బంకులో "ముప్పై, ముప్పై పెట్టు" అని చెప్పి వచ్చేసేవాణ్ని.

అక్కడితో ఆగితే ఈ సమీక్షే ఉండేది కాదు.

2021లో తేలిక రోలర్లు తెప్పించాను, ఒక్కొక్కటీ కంపెనీవాటికంటే రెండు గ్రాములు తక్కువ. వీటి పని తీరు తెలిస్తే ఎవరూ మోసపోరు. బరువు తక్కువ కాబట్టి బయటికి జరగడానికి ఇంజన్ ఇంకాస్త ఎక్కువ తిరగాలి. అంటే బండి పై ఆర్‌పీఎమ్‌లో, పవర్ బాగా వచ్చే చోట ఎక్కువసేపు ఉంటుంది. సిగ్నల్ దగ్గర నుంచి లేచేటప్పుడు హుషారు తెలుస్తుంది. సున్నా నుంచి 60కి ఒక సెకను తగ్గింది. ఎండాడ ఎత్తులో ఇదివరకు 55కి పడిపోయేది, 60 నిలబెట్టింది. టాప్ స్పీడ్ మాత్రం 76, అంటే ఒకటి తగ్గింది. అది గాలి తేడా కూడా కావచ్చు. తగ్గినా తగ్గకపోయినా పెరగదు, ఎందుకంటే రోలర్లు చివరిదాకా జరిగాక పుల్లీ పూర్తిగా మూసుకుని ఉంటుంది, ఇక వాటి బరువుతో పని లేదు. మైలేజీ లీటరుకు 46 నుంచి 41కి దిగింది. చదును రోడ్డు మీద 50లో మామూలుగా పోతున్నా ఇంజన్ గోల పెడుతూ ఉండేది. ఏడాది వాడి తీసేశాను. రోజూ కొండ దారిలో ఇద్దరు తిరిగేవాళ్లకైతే ఒక గ్రాము తక్కువవి వేసుకోమనే చెబుతాను, ఈ పద్దులో మొహమాటం లేకుండా మంచిదని చెప్పగలిగిన మార్పు అదొక్కటే.

సైలెన్సర్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. 3,200 పెట్టాను, శబ్దం వచ్చింది. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్ మార్చకుండా పైపు ఒక్కటే మారిస్తే పెట్రోల్, గాలి మిశ్రమం పల్చబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక నుంచి టప టప పేలుతుంది. జెట్ మార్పించాక పేలడం తగ్గింది. స్పీడ్ 78. వంగి హ్యాండిల్ మీద దాదాపు పడుకుని తోలితే పాత పైపుతోనే 80 వచ్చింది, అది ఉచితం. రెండు వారాల్లోనే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ "సార్, పిల్లలు లేచిపోతన్నారంట" అని చల్లగా చెప్పాడు. పైగా విశాఖ పోలీసులు ఇలాంటి పైపులు ఊడబీకి రోడ్ రోలర్ కింద తొక్కించిన ఫొటోలు పేపర్లలో చూసినవాణ్నే. నా 3,200 అలా చూడాలనిపించలేదు. ఇరిడియం ప్లగ్, ఖరీదైన పెట్రోల్ రెండింటికీ కలిపి ఒక్క ముక్క: సున్నా. మిశ్రమాన్ని తొమ్మిదిన్నర రెట్లే నొక్కే (9.5 కంప్రెషన్) ఇంజన్‌కి మామూలు పెట్రోలే ఎక్కువ.

ఇక బోరింగ్, అంటే సిలిండర్ వెడల్పు పెంచి లావు పిస్టన్ వేయించడం. ఇది నేను చేయించలేదు, మా బావమరిది చేయించాడు. అతనిది హోండావాళ్లదే డియో స్కూటర్, నా బండిలో ఉన్న ఇంజనే. 50 మిల్లీమీటర్ల పిస్టన్ తీసేసి 54 పిస్టన్ కిట్ వేయించాడు. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 55.6 అలాగే ఉంది కాబట్టి లెక్కేస్తే 109 సీసీ 127 అయింది. "ఇక చూడు బావా, బుల్లెట్లు పక్కకి తప్పుకోవాలి" అన్నాడు. నేను కాగితం మీద లెక్కేసి 81 వస్తుందన్నాను. పందెం బిర్యానీ. అదే తగరపువలస రోడ్డు, అదే ఫోన్, 81. బిర్యానీ తిన్నాను గానీ వాడి మొహం చూస్తే సయించలేదు.

ఆ లెక్క చాలా చిన్నది. మనం వేగం పెంచేకొద్దీ గాలి అడ్డు ఆ వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని నెట్టడానికి కావాల్సిన పవర్ దాదాపు ఘనంతో పెరుగుతుంది. తిరగేసి చెబితే, పవర్ 17 శాతం పెరిగితే స్పీడ్ పెరిగేది ఐదు శాతమే. 77 మీద ఐదు శాతం అంటే నాలుగు. అదే లెక్కలో ఈ బండి 90 కొట్టాలంటే పవర్ 60 శాతం పెరగాలి, 8 బీహెచ్‌పీ కాస్తా 13 దగ్గరికి రావాలి. 100 కావాలంటే రెట్టింపు దాటాలి. వీడియోల్లో 110 ఎలా వస్తుందో నేను చెప్పక్కర్లేదు, ముల్లు 110 మీద ఉంటుంది, చక్రం ఎక్కడుందో చూపరు. స్టాండ్ వేసి తిప్పితే మా అమ్మాయి సైకిల్ చక్రం కూడా బాగానే తిరుగుతుంది.

ఆ నాలుగు కిలోమీటర్ల కోసం బావమరిది కట్టిన మూల్యం కూడా చెప్పాలి. కిట్, లేబర్ కలిపి తొమ్మిది వేలు. మైలేజీ 36. ఫ్యాన్ గాలితో చల్లబడే ఇంజన్ కదా, ఎండాకాలం గాజువాక ట్రాఫిక్‌లో వేడెక్కి శక్తి చచ్చిపోయేది. నాలుగు వేల కిలోమీటర్లకి హెడ్ దగ్గర ఆయిల్ చెమ్మ మొదలైంది. చివరికి మళ్లీ పాత కొలత సిలిండర్ కొని వేయించాడు. చట్టం సంగతి వేరే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో 109 అని ఉండి లోపల 127 ఉంటే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్ల ముందు ఏం చెప్పుకుంటాం?

అన్నిటికంటే నాకు భయం వేసింది బ్రేకుల దగ్గర. ముందూ వెనకా డ్రమ్ములే, పది అంగుళాల చక్రాలు. బావమరిది బండి 81 కొట్టిన రోజున నేను తోలుతుంటే కుక్క అడ్డం వచ్చింది. కుక్క బతికింది, నేనూ బతికాను, రెండో ప్రయత్నం మాత్రం చేయలేదు. బండి ఆపే సామాను 8 బీహెచ్‌పీకి సరిపోయేలా చేశారు, మనం ఇంజన్ ఒక్కటే పెంచుతున్నాం.

పోనీ అంత కష్టపడి తెచ్చుకున్న స్పీడ్ ఎంత టైమ్ మిగుల్చుతుంది? ఐదు కిలోమీటర్ల ఖాళీ రోడ్డు మీద 77కి బదులు 81లో పోతే మిగిలేది 11, 12 సెకన్లు. హనుమంతవాక సిగ్నల్ దగ్గర దానికి పదిరెట్లు నిలబడతాం.

నిజంగా స్పీడ్ కావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది, ఆ డబ్బు కిట్లకి కాకుండా బండి మార్చడానికి పెట్టండని. అక్కడా ఆశలు కాస్త తగ్గించుకోవాలి. టీవీఎస్ వాళ్ల 125 సీసీ ఎన్‌టార్క్‌కి కంపెనీ చెప్పిన టాప్ స్పీడే 95, పవర్ 9 బీహెచ్‌పీ పైచిలుకు. 110 నుంచి 125కి మారితే తేడా తెలుస్తుంది గానీ లోకం తలకిందులవదు. అసలైన తేడా 15 పీఎస్ (బీహెచ్‌పీకి దగ్గరి కొలతే) ఉన్న యమహా 155 సీసీ ఏరాక్స్ లాంటివాటితో వస్తుంది, ఆ పవర్‌కి తగ్గ చక్రాలూ ముందు డిస్క్ బ్రేకూ కంపెనీవాళ్లే ఇస్తారు.

నా బండి ఇప్పుడు పూర్తిగా కంపెనీ సామానుతోనే ఉంది. 50 వేల దగ్గర రెండోసారి బెల్ట్, రోలర్లు మార్చాను, మళ్లీ 72 నుంచి 76కి వచ్చింది. పన్నెండు వేల కిలోమీటర్లకొకసారి కవర్ తీయించి రోలర్లు చూపించుకుంటున్నాను, చేతిలో దొర్లిస్తే పలక దేరిందో లేదో మీకే తెలిసిపోతుంది. తేలిక రోలర్లు ఇంకా ఇంట్లో డబ్బాలోనే ఉన్నాయి. కార్తీక మాసంలో ఇద్దరం సింహాచలం వెళ్లే ముందు వాటిని వేయించాలా వద్దా అని ప్రతి ఏడూ ఒకసారి తీసి చూస్తుంటాను.