జేబు తడవని ట్యాంకు: నాటిలస్ మినీని ఏళ్ల తరబడి వాడాక

సిగరెట్ మానడానికని బ్రిటన్‌లో వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు, మారినప్పటి నుంచి నేను ఎక్కువగా వాడుతున్నది ఆస్పైర్ కంపెనీ నాటిలస్ మినీ ట్యాంకు, అంటే నికోటిన్ ద్రవాన్ని నింపే చిన్న గాజు పాత్ర. పై మూత తీసి నింపే ట్యాంకులు వచ్చాక దీన్ని పాతకాలపు సరుకుగా చూసేవాళ్లే ఎక్కువ. అయినా చేతికి అంటకపోవడంలో, జేబులో కారకపోవడంలో నేను వాడిన పై మూత ట్యాంకులన్నిటికన్నా ఇదే మేలని చెప్పగలను, అందుకు కారణం దీన్ని అడుగు వైపు నుంచి నింపడమే.

ట్యాంకులోని ద్రవాన్ని కిందికి జారకుండా పట్టి ఉంచేవి రెండు: ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చే కాయిల్ (తీగ చుట్ట) చుట్టూ ఉన్న దూది, ద్రవం పైన మూసుకుపోయిన ఖాళీలో తగ్గిన గాలి ఒత్తిడి. స్ట్రా పై చివరను వేలితో మూసినంతసేపు లోపలి జ్యూస్ నిలిచి, వేలు తీయగానే జారిపోయినట్టే, ట్యాంకు పై మూత తెరవగానే ఆ ఒత్తిడి సమమై ద్రవం దూదిని దాటి గాలి రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. అందుకే పై మూత ట్యాంకులున్నవారు గాలి రంధ్రాలను తెరిచి మూసే రింగును పూర్తిగా మూశాకే మూత తీయాలి, మూత బిగించాకే రింగును మళ్లీ తెరవాలి. నాటిలస్ మినీని తలకిందులు చేసి తెరుస్తాం కాబట్టి ఆ సమయంలో కాయిల్ ద్రవానికి పైన ఉంటుంది, కారే ప్రశ్నే రాదు.

నింపేటప్పుడు ట్యాంకును బ్యాటరీ నుంచి విడదీసి, తలకిందులుగా పట్టుకుని, కాయిల్‌తో సహా అడుగు భాగాన్ని తిప్పి తీస్తాను. అప్పుడు నడిమధ్యన సన్నటి గొట్టం, దాని చుట్టూ గాజు కనిపిస్తాయి. సీసా ముక్కును గాజు గోడకు ఆనించి మెల్లగా నొక్కితే ద్రవం గోడ వెంట బుడగలు లేకుండా దిగుతుంది. గొట్టంలో చుక్క పడిందా, అది నోరు పెట్టే చోటు నుంచే బయటికి వస్తుంది. ఆ ఘాటు రుచి నాలుకను ఒక పట్టాన వదలదు. అంచుదాకా నింపాలన్న ఆశ కూడా పనికిరాదు, ఎందుకంటే కాయిల్ లోపలికి దిగేటప్పుడు దానికి కావలసిన చోటు లేకపోతే మిగిలిన ద్రవమంతా దూదిలోకి నెట్టుకొస్తుంది. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది కనుక చేతికి అంటిన వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, సీసాను పిల్లలకు అందనిచోట పెట్టాలి.

ద్రవం ఎంపికలోనూ సగం పని ఉంది. 1.8 ఓమ్ (విద్యుత్ నిరోధం కొలత) కాయిల్‌కు, ద్రవంలోని రెండు ముఖ్య పదార్థాలైన గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ సగం సగం ఉన్నది సరిగ్గా సరిపోతుంది. గ్లిజరిన్ ఎక్కువైతే అది చిక్కబడి దూదికి వేళకు అందక మాడువాసన వస్తుంది. అదే పల్చటి ద్రవాన్ని పెద్ద రంధ్రాల తక్కువ ఓమ్ కాయిల్లో పోస్తే అది కారిపోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా ద్రవం పల్చబడి ఇదే తంటా.

కొత్త కాయిల్ వేసినప్పుడు దూది కనబడే రంధ్రాల మీద రెండు మూడు చుక్కలు వేసి, ట్యాంకు నింపాక పది నిమిషాలు కదపకుండా నిలబెడతాను. తీపి ఎక్కువున్న ద్రవాలు కాయిల్‌ను నల్లగా మాడ్చి దాని ఆయుష్షును సగం చేస్తాయి, ఆ రుచులను నేను మానేశాను. పీల్చేటప్పుడు గుడగుడ శబ్దం వస్తే కాయిల్లో ద్రవం నిండిందన్నమాట: ట్యాంకును తీసి, అడుగున టిష్యూ చుట్టి, పైనుంచి గట్టిగా ఊదితే చాలు. కాయిల్ మార్చే రోజున మిగతా భాగాలను గోరువెచ్చని నీటిలో కడిగి పూర్తిగా ఆరబెట్టి, రబ్బరు రింగులకు ఒక చుక్క ద్రవం రాసి బిగిస్తాను. బలం పెట్టి బిగిస్తే రింగు నలిగి, కారడం అక్కడే మొదలవుతుంది. బ్యాటరీ మర లోపలి తేమను ఇయర్ బడ్‌తో తుడవడం మరువకూడదు.

ఇబ్బందులు లేకపోలేదు. బస్సులో నిలబడి దీన్ని నింపలేం, రెండు చేతులూ, ఒక బల్లా కావాలి. బ్రిటన్ నిబంధనల ప్రకారం ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు కనుక ఎక్కువ పీల్చేవారికి రోజులో ఒకటికి రెండుసార్లు నింపక తప్పదు. ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి ఇక్కడ నిషేధించాక ఇలాంటి ట్యాంకుల వైపు తిరిగి చూస్తున్న మన కుర్రాళ్లకు ఈ ఓపిక కొంత అలవాటు కావాలి. అసలు సిగరెట్ అలవాటే లేనివారికి దీని అవసరమే లేదు.

విమానంలో గాలి ఒత్తిడి తగ్గగానే ట్యాంకులో ఉన్న బుడగ వ్యాకోచించి ద్రవాన్ని బయటికి నెడుతుంది కాబట్టి, ఐరోపా ప్రయాణాలకు దాన్ని ఖాళీ చేసి, బ్యాటరీతో పాటు చేతి సంచిలో పెట్టుకుంటాను. హైదరాబాదుకు బయల్దేరేటప్పుడు మాత్రం ఖాళీ ట్యాంకును కూడా తీసుకెళ్లను: 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను భారతదేశంలో నిషేధించింది, దిగుమతి, అమ్మకాల నిషేధాన్ని మీరితే మొదటి నేరానికే ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.