గాయం అతుకు బలం కొలిచే నీళ్ల పరికరం: తొమ్మిదేళ్లు వాడాక

నల్గొండ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ ల్యాబ్ నేనే చూసుకుంటాను. గాయాలు మాన్పే మందుల ప్రాజెక్టు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అతుకు బలం కొలవడానికి ఏ మిషన్ కొనాలని అడుగుతూనే ఉంటారు, అందుకే రాస్తున్నా.

మేం ఎక్కువ కాలం వాడింది కొన్నది కాదు, వడ్రంగి దగ్గర చేయించుకున్నది. ఒక చెక్క పలక, దానికో నిలువు కర్ర, బావి గిరకకు పిల్లలాంటి చిన్న గిరక, చర్మాన్ని పట్టుకునే రెండు ఆలిస్ ఫోర్సెప్స్ (పటకార్లు), దారానికి వేలాడే ప్లాస్టిక్ సీసా, పైనుంచి సెలైన్ సెట్టు, అంతే. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మత్తిచ్చిన ఎలుక వీపు మీద 6 సెంటీమీటర్ల గాటు పెట్టి కుట్లేస్తాం. 8వ రోజు కుట్లు తీస్తాం. 10వ రోజు మళ్లీ మత్తిచ్చి, అతుకుకు అటూ ఇటూ అర సెంటీమీటరు దూరంలో ఫోర్సెప్స్ పట్టించి సీసాలోకి నీళ్లు వదులుతాం, అతుకు నోరు తెరవగానే ఆపి ఆ నీళ్లు తూస్తాం.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. గాయం మానడాన్ని నెమ్మదింపజేసే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇచ్చిన గుంపులో అతుకు తక్కువ బరువుకే విడిపోవాలి, అది కనబడకపోతే మందును కాదు, ముందు మీ పలకను అనుమానించండి. మా తంటా అంతా నీళ్లతోనే వచ్చింది. నల్గొండ నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ మమ్మల్ని ఏడిపించింది సున్నం. బోరు నీళ్లు పోస్తే సెట్టులో తెల్లగా పేరుకుపోయి ధార సన్నబడేది, చర్మమేమో లాగే వేగాన్ని బట్టి సాగే రకం, ధార మారితే అంకె కూడా మారిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌కు మారాక, పై సీసాలో మట్టం తగ్గకుండా చూసుకున్నాక కుదుటపడింది. ఇంకో మాట, నీళ్లు ఆపే మనిషికి అది ఏ గుంపు ఎలుకో తెలియకూడదు. మనకిష్టమైన మందు అయితే చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతుంది, నాకే జరిగింది.

అసలు లోపం వేరే. వచ్చేది గ్రాముల్లో బరువు, అంటే తెగే బలం మాత్రమే. థీసిస్‌లో మాత్రం అందరూ టెన్సైల్ స్ట్రెంత్ అని రాసేస్తారు. దానికి అతుకు మందం, వెడల్పు కొలిచి, ఆ వైశాల్యంతో భాగించాలి. వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ "గ్రాముల్లో స్ట్రెంత్ ఏంటమ్మా?" అన్నప్పుడు మా స్టూడెంట్ అమ్మాయి నా వైపు చూసింది, నేను ఫ్యాన్ వైపు చూశాను.

తర్వాత 50 న్యూటన్ల లోడ్ సెల్ (లాగే బలాన్ని కొలిచే సెన్సర్) ఉన్న చిన్న మోటారు మిషన్ కొన్నాం. వేగం ఒకటే, గ్రాఫ్ వస్తుంది, బాగుంది. కానీ వచ్చిన రోజే 500 గ్రాముల తూకంరాయి వేలాడదీస్తే 4.9 న్యూటన్లు చూపించాల్సింది 4.6 చూపించింది, అమ్మినవాళ్లు మనిషిని పంపడానికి మూడు నెలలు పట్టింది. పైగా ఇందులో పెట్టే, కోసి తీసిన తడి చర్మం ముక్క మిషన్ పట్టుకునే దవడల్లోంచి జారిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే గరుకు కాగితం అతికిస్తే ఆగింది. దవడ దగ్గర తెగిన ముక్క రీడింగ్ మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. మే నెలలో ఫ్యాన్ కింద పెట్టిన చర్మం చూస్తుండగానే అట్టలా అవుతుంది, సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డలో చుట్టి ఉంచాలి.

పదో రోజు అంకె చూసి గాయం మానిందని రాయకండి. మూడు వారాలకు కూడా మచ్చ బలం మామూలు చర్మంలో 20 శాతం చుట్టూనే ఉంటుంది, నెలలు గడిచినా 80 దాటడం కష్టం. 1965లో లెవెన్సన్ బృందం ఎలుకల మీదే ఇది చూపించింది. చర్మానికి బలమిచ్చే ప్రోటీన్ కొల్లాజెన్ చేరడం ఒకెత్తు, ఆ పోగులు ఒకదానికొకటి ముడిపడటం ఒకెత్తు.

గుంపుల మధ్య తేడా చూడటానికే అయితే చెక్క పలక చాలు. వేరే ల్యాబ్ అంకెలతో పోల్చాలంటే మిషన్ కొనండి, డబ్బులు మోటారు మీద కాకుండా దవడల మీద పెట్టండి. మా లోడ్ సెల్ పోయిన నెల మళ్లీ రిపేరుకు వెళ్లింది. పలకను బీరువా మీంచి దించి, గిరకకు నూనె వేశాం.