మేకను దొడ్డి పక్కన కోయాలా, దూరంగానా?

గజపతినగరం దగ్గర మా ఊళ్లో కనుమకి మేకపోతును దొడ్డి పక్కనే కోసేవాళ్లం. నీళ్లు దగ్గర, మోసే పని తక్కువ, అంతే. మిగతా మేకలు మాత్రం చెవులు నిక్కించి, మేత వదిలేసి, గోడ మూలకి ఒదిగిపోయేవి. పేగుల వాసనకి ఊరకుక్కలు రాత్రంతా దొడ్డి చుట్టూనే తిరిగేవి.

ఇప్పుడు మామిడితోట చివర కోస్తున్నాం. మాంసం మోసుకురావడం కష్టమే, కానీ మంద నిమ్మళంగా ఉంటోంది. పోతును తరమకుండా మెల్లగా నడిపించాలి. చాలాసేపు టెన్షన్ పడితే కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉండే ఒక రకం చక్కెర) తగ్గి, మాంసం నల్లబడి తొందరగా పాడవుతుంది. కబేళాలకైతే కేంద్రం 2001లో తెచ్చిన జంతు హింస నివారణ నిబంధనల్లోనే ఉంది, వేరే పశువుల కళ్లెదుట కోయకూడదని. నా ఓటు తోటకే. పేగులు మాత్రం లోతుగా పూడ్చండి, లేకపోతే కుక్కలు అక్కడికీ వస్తాయి.