పొద్దున ఓపీలో కనిపించని మచ్చలు

మా తమ్ముడికి 26 ఏళ్లు. నాలుగు వారాలు జ్వరం వదల్లేదు. పగలంతా తిరిగేవాడు, సాయంత్రం ఆరు దాటితే వణుకు, 39.5 డిగ్రీలు. అంతకుముందు చూపించిన చోట యాంటీబయాటిక్స్ మూడుసార్లు మార్చారు, లాభం లేదు. ఆ తర్వాతే ఈ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ విభాగానికి వచ్చాం.

మొదటిరోజు డాక్టరుగారు ఫైలు పక్కన పెట్టి ప్రశ్నలే అడిగారు. ప్రయాణాలు చేశాడా, పశువుల దగ్గర మసిలాడా, పచ్చిపాలు తాగాడా, దగ్గరివాళ్లలో టీబీ ఉందా, ఏయే మాత్రలు వేసుకుంటున్నాడు? కొన్నిసార్లు మందులే జ్వరం తెప్పిస్తాయట. 38.3 డిగ్రీలు దాటే జ్వరం మూడు వారాలకు మించి ఉండి, కారణం తెలియకపోతే దాన్ని విడిగా ఒక సమస్యగా చూడాలని వైద్యులు 1961లోనే నిర్వచించారని చెప్పారు. యాంటీబయాటిక్స్ ఆపించారు. నాకూ అమ్మకూ ఒకటే టెన్షన్. ఆ మందులు ఒంట్లో ఉంటే రక్తంలో క్రిములున్నా, వాటిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో పెరగకపోవచ్చని ఓపిగ్గా వివరించారు.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ఆరు గంటలకోసారి టెంపరేచర్ రాయాలి. "ఒంటి మీద ఏం కనిపించినా ఫోటో తీయమ్మా" అన్నారు. మూడోరాత్రి జ్వరం ఎక్కగానే ఛాతీ మీద, భుజాల మీద లేత గులాబీ మచ్చలు లేచాయి. తెల్లారేసరికి ఒక్కటీ లేదు. మేం ఓపీలకు వెళ్లిందెప్పుడూ పొద్దున్నే, ఇక ఎవరికి కనిపిస్తాయి! ఫోటో చూసి ఆయన గొంతునొప్పి, కీళ్లనొప్పుల గురించి మళ్లీ అడిగారు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుమును నిల్వచేసే ప్రోటీన్) రక్తపరీక్ష రాశారు. నాలుగైదు వందల లోపు ఉండాల్సింది తొమ్మిది వేలు దాటింది.

అయినా వెంటనే పేరు పెట్టలేదు. ఈ జబ్బును తేల్చే పరీక్ష ఒక్కటంటూ లేదట, మిగతావన్నీ కాదనుకున్నాకే చెప్పాలట. మూడుసార్లు రక్తం కల్చర్, గుండె కవాటాల కోసం ఎకో స్కాన్, లింఫోమా (ఒక రకం క్యాన్సర్) అనుమానంతో మెడ దగ్గర గడ్డకు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష. అన్నీ అయ్యాక 'అడల్ట్ ఆన్‌సెట్ స్టిల్స్ డిసీజ్' అన్నారు. ఇన్‌ఫెక్షన్ కాదు, రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పడం. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రెండోరోజుకి జ్వరం దిగింది.

లోపం కూడా చెప్పాలి. బయాప్సీ రిపోర్టు వేరే వార్డుకు వెళ్లి రెండు రోజులు ఆలస్యమైంది. అలాంటి రెండు రోజులు ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు. రిపోర్టుల కౌంటరు బాగుపడాలి. డాక్టరు విషయంలో మాత్రం ఐదుకి ఐదు.

ఇప్పుడు స్టెరాయిడ్ మోతాదు మెల్లగా తగ్గిస్తున్నారు. నోట్‌బుక్ ఇంకా రాస్తున్నాం, వచ్చేసారి తీసుకురమ్మన్నారు.