గన్ వదిలితే మోటారు ఆగాలి కదా!

కారు కడగడానికి నీళ్ళని గట్టి ధారగా కొట్టే ఈ ప్రెషర్ వాషర్‌లో నేను ముచ్చటపడిందీ, నన్ను ఏడిపించిందీ ఒక్కటే. గన్ ట్రిగ్గర్ వదలగానే మోటారు దానంతటదే ఆగిపోవడం. బార్‌లు (నీటి పీడనం కొలత), వాట్లు, నాజిల్ డిగ్రీల గురించి పెట్టె మీదే ఉంటుంది, నేను మళ్ళీ రాయను. ఒక్కమాట మాత్రం: పెద్దక్షరాల్లో వేసే బార్ సంఖ్య గరిష్ఠం, పని చేసేటప్పుడు వచ్చేది దానికన్నా తక్కువే. కారు పెయింటుకి ఆ తక్కువే చాలు.

కారు కడగడంలో నీళ్ళు కొట్టేది కాసేపే. మిగతాదంతా నురగ నానడానికి ఆగడం, రుద్దడం, చక్రాల సందుల్లోకి బ్రష్ దూర్చడం. ఇళ్ళలో వాడే చిన్న మిషన్లలో చాలావాటికి మిక్సీలో ఉండేలాంటి కార్బన్ బ్రష్‌ల మోటారే ఉంటుంది కాబట్టి చెవులు గింగురుమంటాయి. అలాంటిది వేలు తీయగానే టక్కున నిశ్శబ్దం అయిపోతుంటే ఎంత హాయిగా ఉండేదో! అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పి కొనిపించాను.

వారంటీ అయిపోయాక మొదలైంది కథ. బానెట్ రుద్దుతుంటే వెనక నుంచి ‘గుర్ర్’మని మోటారు ఒక్క క్షణం తిరిగి ఆగింది. గన్ నేల మీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మరి కాసేపటికి మళ్ళీ గుర్ర్. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది, రానురాను ఎక్కిళ్ళలా పట్టుకుంది. మోటారు మొదలైన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. స్విచ్చి కాంటాక్టులకీ మోటారులోని కార్బన్ బ్రష్‌లకీ అది మంచిది కాదు. సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే, నేను చెప్పేది పూర్తి కాకముందే ‘పంపు పోయిందండీ, మొత్తం మార్చాలి’ అన్నారు. మిషన్ చూడనైనా లేదు! నాకు ఒళ్ళు మండింది.

నిజానికి ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు. ట్రిగ్గర్ మూసేస్తే నీళ్ళకి దారి ఉండదు, పంపు బయటకి నెట్టే వైపు పీడనం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి లోపల ఒక చిన్న పిస్టన్ జరిగి మైక్రోస్విచ్చిని నొక్కుతుంది, మోటారు ఆగుతుంది. గొట్టంలో చిక్కుకున్న పీడనం వెనక్కి పోకుండా ఒక నాన్-రిటర్న్ వాల్వ్ కాపలా కాస్తుంది. ఎక్కడైనా చుక్క చుక్కగా పీడనం దిగిందంటే పిస్టన్ వెనక్కి వస్తుంది, మోటారు మళ్ళీ ఉలిక్కిపడుతుంది. అంటే వెతకాల్సింది లీకు కోసం. అది బయటకా, లోపలికా అన్నదే తేలాలి.

జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, గన్ కింద, గొట్టం రెండు చివర్ల కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, మోటారు ఆగాక చూస్తూ కూర్చున్నాను. బయట లీకైతే కాగితం చెబుతుంది. (వేరే గొట్టం కొని బిగించినవాళ్ళు ముందు ఇదే చూసుకోవాలి. గొట్టం బిగించే ఎం22 ఫిట్టింగుల్లో 14 మి.మీ., 15 మి.మీ. అని రెండు రకాలున్నాయి. మరలు ఒకేలా కూర్చుంటాయి, లోపలి పిన్ను సరిపోక కారుతుంది.) నా కాగితం మీద చుక్క తడి లేదు, మోటారు మాత్రం కూస్తూనే ఉంది. లోపలే అన్నమాట.

ప్లగ్ పీకి, ట్రిగ్గర్ నొక్కి పీడనం దించేసి, నీళ్ళు బయటికొచ్చే చోటున్న ఫిట్టింగు విప్పాను. దాని వెనక చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ వాల్వ్, సన్న స్ప్రింగు, నల్లటి ఓ-రింగు (రబ్బరు వలయం). ఆ రింగు అంచున ఒక ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది. వేలితో రాస్తే తప్ప తెలియనంత చిన్నది. కడిగి, రింగుకి కాస్త సిలికాన్ గ్రీజు రాసి, ఎలా ఉందో అలాగే బిగించాను. ఎక్కిళ్ళు పోయాయి. పంపు మార్చాలన్నారు మరి!

ఇసుక ఎక్కడిదంటే నేను నీళ్ళు పట్టుకునే డ్రమ్ములోది. కుళాయి లేకపోయినా తనే నీళ్ళు లాక్కుంటుందని ఈ మిషన్‌ని తెగ పొగిడాను. లాక్కుంటుంది, అందులో అబద్ధం లేదు. కాకపోతే ముందు నీళ్ళు లాగే గొట్టం నిండా నీళ్ళు నింపాలి, ఎక్కడా గాలి చొరబడకూడదు, లేకపోతే ధార కొట్టుకుంటూ వస్తుంది. ఇన్‌లెట్ దగ్గర ఇచ్చిన జాలీ పెద్ద చెత్తను ఆపుతుంది తప్ప సన్న మడ్డిని ఆపదు. ఇప్పుడు విడిగా ఒక ఫిల్టర్ పెట్టాను, గొట్టం చివర డ్రమ్ము అడుగుకు తగలకుండా పైకి కట్టాను.

గన్ వదిలితే మోటారు ఆగే ఈ ఆటో స్టాప్ గురించి కూడా నా మాట కొంచెం మారింది. మోటారు ఆగింది కదా అని మిషన్ ఆఫ్ అయినట్టు కాదు, గొట్టంలో పీడనం అలాగే ఉంటుంది, కరెంటూ ఉంటుంది. ఎక్కువసేపు రుద్దే పనుంటే స్విచ్చి కట్టేసి, ఒకసారి ట్రిగ్గర్ నొక్కి వదులుతున్నాను. ఆ లెక్కన నేను మురిసిపోయిన సౌకర్యంలో సగం వాడుకోవట్లేదనే చెప్పాలి. పక్కన చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో మరీ జాగ్రత్త.

మిగతావి రెండు ముక్కల్లో. గొట్టం బిరుసు, చుట్టడం నరకం. పెట్టెలో వచ్చే నురగ సీసా పనికిమాలినది. విడిగా ఫోమ్ లాన్స్ (గన్‌కి తగిలించే నురగ గొట్టం) కొని, 1.1 మి.మీ. రంధ్రమున్న జెట్ వేస్తే చిన్న మిషన్లకి నురగ చిక్కగా వస్తుంది. తిరిగే టర్బో నాజిల్‌ని కారు దగ్గరికే తీసుకురాకండి, టైరు పక్క గోడల మీదైతే అసలే వద్దు.

కొనమంటారా అంటే, మాది ఒక్క కారు, వారాంతంలో కడుగుడు, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకు విసుగు కాదు. ఇలాంటి ఇంటికి బాగానే సరిపోయింది. ఇంట్లో మూడు నాలుగు బళ్ళుండి, ఆపకుండా వాడేవాళ్ళు కాస్త బరువైనా కార్బన్ బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారున్నది చూసుకుంటే మేలేమో, నేనైతే వాడలేదు. కుళాయి నుంచి శుభ్రమైన నీళ్ళు వచ్చేవాళ్ళకి నా ఇసుక గొడవ ఎదురే కాకపోవచ్చు. నేను ఇంకోటి కొంటే మాత్రం బార్‌లకన్నా ముందు ఆ అవుట్‌లెట్ ఫిట్టింగు ఇంట్లో విప్పడానికి వస్తుందా, ఓ-రింగులు విడిగా దొరుకుతాయా అనే అడుగుతాను.