ట్యాగ్ లేని ఆయిల్ హోసులు కొని నేను బోల్తా పడ్డాను, మీరు పడకండి

ఆర్‌వీ గానీ ఇంకో హోమ్‌బిల్ట్ విమానం (కిట్ కొని సొంతంగా కట్టుకునే చిన్న విమానం) గానీ ఉండి, ఇంజిన్ హోసులు (ఆయిల్ లాంటివి పారే రబ్బరు గొట్టాలు) మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. "ఏవియేషన్ క్వాలిటీ, ఫుల్ సెట్" అని ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికిన కిట్ కొన్నాను. గాల్లోకి లేవకముందే దాని బండారం బయటపడింది, అదొక్కటే నా అదృష్టం.

నాది ఆర్‌వీ-6, లైకమింగ్ ఓ-320 ఇంజిన్. కట్టింది నేను కాదు, ఇక్కడ టెక్సస్‌లోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇలా సొంతంగా కట్టిన విమానాలు ఇక్కడ ఎక్స్‌పెరిమెంటల్ అనే కేటగిరీ కాబట్టి రిపేర్లు మనమే చేసుకోవచ్చు, ఏడాదికోసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం మెకానిక్ సంతకం కావాలి. మొన్నటి ఇన్‌స్పెక్షన్‌లో ఆయన ఆయిల్ కూలర్ హోస్‌ని కాస్త వంచాడు. ముదిరి ఎండిన బెండకాయలా పటపటమంది. ట్యాగ్ మీద తేదీ చూస్తే 11 ఏళ్ల కిందటిది. ఇంజిన్ వేడిలో ఉండే రబ్బరు హోసుల్ని ఐదు నుంచి ఏడేళ్లలోపు మార్చేస్తుంటారు. నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. విమానం పొట్టంతా ఎప్పుడూ జిడ్డే. విజయవాడ నుంచి వచ్చిన మా మామగారు హ్యాంగర్ చూడ్డానికి వచ్చి, కింద వేలితో రాసి చూసి, "ఏం అల్లుడుగారూ, దీనికి వారం వారం తలంటు పోస్తున్నారా?" అన్నారు.

సరే, కిట్ వచ్చింది. మంచి హోస్‌కి చిన్న లోహపు ట్యాగ్ ఉంటుంది. పార్ట్ నంబరు, ఏ ప్రెషర్‌లో టెస్ట్ చేశారు, ఏ తేదీన చేశారు అన్నీ దాని మీద ఉంటాయి. వీటికి ఒక్కదానికీ లేదు. పైన తొడిగిన నారింజ రంగు ఫైర్ స్లీవ్ (మంట నుంచి కాపాడే తొడుగు) చివర్లలో స్టీలు బ్యాండ్లు ఉండాల్సిన చోట నైలాన్ టైలు బిగించారు. ఆ స్లీవ్ ఉన్నదే 2000 డిగ్రీల ఫారన్‌హీట్ మంటలో హోస్ ఐదు నిమిషాలైనా ఆగడానికి. నైలాన్ టై ఐదు సెకన్లు ఆగుతుందా? అమ్మినవాణ్ణి అడిగితే, "ఎక్స్‌పెరిమెంటల్‌కి ట్యాగులు అక్కర్లేదు" అని జవాబు. రూల్ ప్రకారం నిజమే. రూల్ అడక్కపోయినా టెస్ట్ చేశారో లేదో నాకు తెలియాలిగా! అప్పుడే తిప్పి పంపాల్సింది. శనివారం ఖాళీగా ఉన్నాను, విమానం విప్పి ఉంది, బిగించేశాను.

నేల మీదే పది నిమిషాలు ఇంజిన్ నడిపాను. ఆయిల్ ప్రెషర్ 75 పీఎస్‌ఐ దగ్గర నిలకడగా ఉంది. ఆపి కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు మూత) తీస్తే ఒక్క చుక్క లేదు. ఎందుకో కూలర్ హోస్‌ని చేత్తో పట్టుకుని నొక్కాను. స్లీవ్ కింది భాగం మెత్తగా, నూనె పీల్చిన పూరీలా ఉంది. నైలాన్ టై కోస్తే లోపలున్న ఆయిల్ జర్రున నా మోచేతి దాకా కారింది. అంటే లీకు మొదటి నిమిషం నుంచే ఉంది, స్లీవ్ దాన్ని దాచిపెట్టింది.

హోస్ విప్పి ఒక వైపు నుంచి టార్చ్ వేసి రెండో వైపు నుంచి చూశాను. ఫిట్టింగ్ దూర్చేటప్పుడు దాని అంచు లోపలి రబ్బరుని చెక్కేసింది. అరగోరంత రబ్బరు రేకు లోపల తలుపులా వేలాడుతోంది. చెక్కిన చోటి నుంచి ఆయిల్ అల్లిక పొరలోకి, అక్కణ్ణుంచి స్లీవ్‌లోకి. అంతకంటే భయపెట్టేది ఆ రేకే. అది ఒక రోజు అడ్డం పడితే ఆయిల్ దారి మూసుకుపోతుంది, హోసే పగిలితే సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఉన్నదంతా నిమిషాల్లో బయటికి పోతుంది. కింద ఏ పొలం ఉందో వెతుక్కోవడమే.

మిగతావి కూడా పట్టి చూశాను. ఆయిల్ ప్రెషర్ గేజ్‌కి వెళ్లే లైన్‌కి ఇంజిన్ దగ్గర సూది బెజ్జం లాంటి రంధ్రం ఉన్న ఫిట్టింగ్ ఉండాలి. ఆ లైను తెగినా ఆయిల్ మెల్లగా పోవాలని ఆ ఏర్పాటు. కిట్‌లో వచ్చింది పూర్తి రంధ్రం ఉన్న మామూలు ఇత్తడి ముక్క, పైగా 45 డిగ్రీల ఫ్లేర్ (ఫిట్టింగ్ కూర్చునే ఏటవాలు అంచు), కార్ల షాపు సరుకు. విమానాల్లో వాడే మన ఏఎన్ ఫిట్టింగులది 37 డిగ్రీలు. చూపుకి ఒకేలా ఉంటాయి, బిగుస్తున్నట్టే ఉంటుంది, సరిగ్గా కూర్చోదు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా, డబ్బు కట్టే ముందే ట్యాగ్ ఫోటో అడగండి. వచ్చాక టార్చ్ వేసి చూడండి, వంపు ఉన్న ఫిట్టింగ్ అయితే సరిపడా సైజు స్టీలు గోళీ ఒకటి లోపల దొర్లించి చూడండి. స్లీవ్ లేని హోస్ అయితే దాని పొడవునా ఉన్న గీత బిగించాక మెలి తిరక్కుండా ఉందో లేదో గమనించండి. నేను ఈసారి హోసులు మాత్రమే తయారు చేసే షాపుకి నా పాతవి శాంపిల్‌గా పంపాను, అందుకే పాతవి పారేయకండి. ధర రెట్టింపు అయింది, ప్రతిదానికీ ట్యాగ్, తేదీ ఉన్నాయి.

జిడ్డు సంగతి కూడా చెప్పేస్తాను. అదంతా హోసుల వల్ల కాదు. సంపులో 8 క్వార్టులు (క్వార్టు అంటే దాదాపు లీటరు) పడుతుంది కదా అని నింపేవాణ్ణి, పైన ఉన్నది బ్రీదర్ ట్యూబు (ఇంజిన్ లోపలి గాలి, ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా పొట్ట మీదికి కక్కేసేది. ఇప్పుడు 6 దగ్గర ఆపుతున్నాను, సగం తుడుపు తగ్గింది. సిలిండర్ల నుంచి సంపుకి వెళ్లే నాలుగు డ్రెయిన్ ట్యూబుల రబ్బరు ముక్కలూ గట్టిపడి చెమ్మ కారుస్తున్నాయి, అవీ మార్చాను. ఆయిల్ ఫిల్టర్ విప్పేటప్పుడు మాత్రం ముందు పైన మేకుతో ఒక బెజ్జం, తర్వాత కింద ఇంకోటి పొడిచి, అడుగున కోసిన పాల డబ్బా పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే గోడ) మీద చుక్క పడదు.

డబ్బు ఇంకా రాలేదు. బిగించి వాడిన సరుకు వెనక్కి తీసుకోరట. కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టి, హోస్‌ని నిలువునా చీల్చి ఆ రబ్బరు రేకు ఫోటో పంపాను.