బ్ర్నోలో రెండు రాత్రులు, జీత్కొవా కొండ మీద ఒక మధ్యాహ్నం

వియన్నాలో ఉండే మాకు చెక్ దేశంలోని బ్ర్నో గంటన్నర ట్రైను దూరం. అందరిలాగే మేమూ ప్రాగ్ వెళ్తూ రెండుసార్లు ఆ స్టేషన్ దాటేశాం. ఈసారి దిగింది కటెర్జీనా టుచ్కొవా నవల 'గెర్తా' ఇంగ్లీషులో చదివిన ఊపులో. ఆవిడ 1980లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఇక్కడి మసారిక్ యూనివర్సిటీలో కళాచరిత్ర, చెక్ సాహిత్యం చదివారు. ఒక పక్క ఆర్ట్ ఎగ్జిబిషన్లు క్యూరేట్ చేస్తూనే నవలలు రాస్తుంటారు.

ముందు బస సంగతి. పాత ఊరికి దగ్గరని ఒక అద్దె ఫ్లాట్ తీసుకున్నాం. తాళంచెవి పెట్టిన డబ్బా వాళ్లిచ్చిన కోడ్‌కి తెరుచుకోలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. సూట్‌కేసులతో నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫొటోల్లో మెరిసిన వంటగదిలో ఉన్నది ఒక కెటిలు, ఒక సింకు. తెచ్చుకున్న బియ్యం అలాగే తిరిగి తీసుకెళ్లాం. ష్పిల్‌బెర్క్ కోట కింద 10-జెడ్ అనే పాత అణు బంకర్‌లో రాత్రి పడుకోనిస్తారట. కిటికీల్లేని గదులని మా ఆయన ఒప్పుకోలేదు గానీ, ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు అదే నయమనిపించింది.

పొద్దున పెత్రోవ్ కొండ మీది కెథెడ్రల్‌లో గంటలు పన్నెండు కొట్టాయి. వాచీలో పదకొండు. 1645లో స్వీడన్ సైన్యం ముట్టడించినప్పుడు, మధ్యాహ్నంలోపు ఊరు చేతికి రాకపోతే వెళ్లిపోతామన్నారట. ఊరివాళ్లు గంట ముందే పన్నెండు కొట్టేశారని కథ. అప్పటినుంచీ అదే లెక్క.

అక్కణ్ణుంచి ట్రామ్‌లో మెండెల్ స్క్వేర్‌. పదో తరగతిలో బట్టీ పట్టిన బఠానీ మొక్కల మెండెల్ ఉన్న మఠం ఇదే. మ్యూజియం బాగానే ఉంది, కానీ నేను వెతికింది తోటలో ఉన్న చిన్న స్మారక శిల. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1945 మే 30 రాత్రి బ్ర్నోలోని జర్మన్ భాషవాళ్లని, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లని, ఇళ్లల్లోంచి లాగి ఆస్ట్రియా వైపు నడిపించారు. ఇరవై వేల పైచిలుకు జనం. నవలలో గెర్తా తండ్రి జర్మన్, తల్లి చెక్. పసిబిడ్డతో గెర్తా ఆ గుంపులో నడుస్తుంది.

ఆ దారిన మేం బస్సులో వెళ్లాం, పొహోర్జెలిత్సెకి. దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, ఏసీ బస్సులో కునుకు తీసేలోపే వచ్చేసింది. ఊరు దాటాక రోడ్డు పక్కన గడ్డి, ఒక శిలువ, పక్కనుంచి రయ్యిమని లారీలు. కింద ఆ నడకలో చనిపోయినవాళ్ల సామూహిక సమాధి. "దీనికోసమా ఇంత దూరం?" అన్నారు ఈయన. కాసేపాగి తనే ఫోన్ జేబులో పెట్టేసుకుని నిలబడ్డారు. నవల 2009లో వచ్చింది. 2015లో నగర కౌన్సిల్ ఆ ఘటనకి అధికారికంగా విచారం ప్రకటించింది. ఆ ఏడాది నుంచి స్మారక నడక ఎదురు దిశలో, ఇక్కణ్ణుంచి బ్ర్నోకి జరుగుతోంది, అంటే వెళ్లగొట్టినవాళ్లని ఇంటికి తెస్తున్నట్టు. దాన్ని నిర్వహించే 'మీటింగ్ బ్ర్నో' ఉత్సవం వ్యవస్థాపకుల్లో టుచ్కొవా ఒకరు. మే నెలాఖరులో వస్తే నడవొచ్చు. మేం తప్పు నెలలో వెళ్లాం.

బ్ర్నోలో పేరున్న ఆధునిక భవనం టుగెన్‌ధాట్ విల్లా లోపలికి టికెట్ దొరకలేదు, వారాల ముందే బుక్ చేసుకోవాలి, తప్పు నాదే. తిండికి వేయించిన చీజ్, బంగాళాదుంపలు. శాకాహారులకి మొదటి పూట పండగ, మూడో పూట శిక్ష.

మూడోరోజు జీత్కొవా. ట్రైనులో ఉహెర్‌స్కీ బ్రోద్, అక్కణ్ణుంచి బస్సులో స్తారీ హ్రోజెన్‌కోవ్, ఆపైన ఎక్కుడే. స్లొవాకియా సరిహద్దు ఇది. కొండవాలు మీద ఇల్లొకటి ఇక్కడ, ఇంకొకటి అల్లంత దూరాన. తరతరాలుగా తల్లి నుంచి కూతురికి మందులూ మంత్రాలూ వచ్చిన 'బొహిన్యె', అంటే దేవతలు, ఉన్న ఊరు. కరిగిన మైనం నీళ్లలో పోసి, గడ్డకట్టిన ఆకారం చూసి జబ్బు చెప్పేవాళ్లట. దిష్టి తీశాక మా అమ్మమ్మ నిప్పుల మీద ఉప్పు చిటపటలు విని తలాడించడం గుర్తొచ్చింది. 2012లో వచ్చిన టుచ్కొవా 'జీత్కొవ్‌స్కె బొహిన్యె' నవలలో వీళ్ల మీద నిఘా ఫైళ్లు నడుస్తాయి, మొదట నాజీలవి, తర్వాత కమ్యూనిస్టులవి. నాజీ నాయకుడు హిమ్లర్ మంత్రగత్తెల రికార్డులు సేకరించడానికి ఒక దళాన్నే పెట్టాడన్నది కల్పన కాదు.

దారిలో ఒక ముసలావిడ కంచెకి ఆనుకుని రేగుపండ్లంత ప్లమ్స్ దోసిట్లో పోసింది. భాష రాదు, "బొహిన్యె?" అన్నాను. ఆవిడ నవ్వి, కొండ అవతలికి చెయ్యి చూపించి, ఆ చేత్తోనే మా ఆయన బూటు లేసు విడిపోయిందని చూపించింది.

తిరుగు బస్సులు తక్కువ, టైములు ముందే రాసుకోండి. మేం గంటా పావు ఆగాం. టుచ్కొవా 2022 నవల 'బీలా వొదా' జరిగే ఊరు, కమ్యూనిస్టులు నన్‌లని నిర్బంధించిన చోటు, ఉత్తరాన పోలండ్ అంచున ఉంది. దానికి వేరే సెలవు పెట్టాలి.